స్టీలు బ్రేకు పైపులు, చేపలామె లైసెన్సు

మన మెకానిక్ లైనులోకి కొత్తగా వచ్చిన పిల్లలు కనబడినప్పుడల్లా నన్ను ఒకటే అడుగుతారు: "తాతా, నీ సర్వీసుల నువ్వు చేసిన పెద్ద రిపేరు ఏంది?" పెద్ద రిపేర్ల గురించి చెప్పుకోవడానికి ఊరినిండా మనుషులున్నారు. నట్టు విప్పితే ఒక వీడియో, బిగిస్తే ఒక వీడియో తీసి ఫోనులో పెడుతున్నారు. నట్టు బిగియలేదని పెట్టిన వీడియో ఒక్కటి చూపించండి నాకు. ఉండదు. అందుకని నేను బిగియని సంగతే రాస్తున్నాను. దసరా వెళ్లిన మూడు రోజులపాటు నా నలభై ఏళ్ల పనితనం మేడ్చల్ రోడ్డు మీద నవ్వులపాలైన సంగతి. మీరూ నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పుడు నవ్వినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లతో మీరూ కలవండి.

నేను ఏ కాలేజీలోనూ చదవలేదు. ఏడో తరగతితో బడి అయిపోయింది. ఆ తర్వాతి చదువు అంతా చిత్తుకాగితాల దుకాణంలో తూకానికి కొన్న ఒక ఇంగ్లీషు మాన్యువల్ నుంచి వచ్చింది. దానికి అట్ట లేదు, మొదటి ముప్ఫై పేజీలు లేవు. డిక్షనరీ పక్కన పెట్టుకుని మూడేళ్లు చదివాను. ఆ ముప్ఫై పేజీల్లో ఏముందో నాకు తెలియదు. మిగతాదంతా తెలుసు. ఈ మాట ఇంజనీర్ల ముందు కూడా అన్నాను. వాళ్లు నవ్వారు. వాళ్ల దగ్గర ముప్ఫై పేజీలూ ఉన్నాయి, లోపలికి మాత్రం ఒక్కటీ పోలేదు.

దూలపల్లిలో నా సొంత షెడ్డు రోడ్డు వెడల్పులో పోయాక, గుండ్లపోచంపల్లి మలుపు దగ్గర ఒకతని షెడ్డులో పనికి కుదిరాను. అతను నాకంటే ఇరవై ఏళ్లు చిన్న. నన్ను ఉస్తాద్ అని పిలిచేవాడు, నా మాట మాత్రం వినేవాడు కాదు. మా ఇద్దరికీ రోజూ ఒక తగాదా ఉండేది. అది బ్రేకు గొట్టాల గురించి.

సంగతి ఇది. మనం బ్రేకు తొక్కితే నూనె పైపుల గుండా వెళ్లి చక్రం దగ్గరి పట్టును బిగిస్తుంది. చక్రం తిరుగుతుంది, ఎగురుతుంది కాబట్టి చివర మూరెడు మేర వంగే గొట్టం ఉండాలి. కంపెనీ వాళ్లు అక్కడ రబ్బరుది వేస్తారు. పాతబడ్డాక అది తొక్కినప్పుడల్లా వానాకాలం కప్ప గొంతులా ఉబ్బుతుంది. మన కాలి బలంలో కొంత ఆ ఉబ్బుకే పోతుంది. అదే పైన సన్నని స్టీలు తీగల అల్లిక ఉన్న పైపు వేస్తే ఉబ్బదు. తొక్కినంతా చక్రానికి చేరుతుంది. ఇంత తేలిక మాట.

"కంపెనోడు రబ్బర్ ఏసి ఇచ్చిండు. ఆడు పిచ్చోడై ఏసిండా ఉస్తాద్?" అనేవాడు షెడ్డు అతను.

"కంపెనోడు కొత్త బండికి ఏసిండు. పన్నెండేండ్లు గదే ఉంచుమని నీకు చిట్టీ రాసిండా?"

"స్టీల్ ఏసుడంటె రేసు బండ్లకు. మన దగ్గరికొచ్చేయి కూరగాయల బండ్లు."

"కూరగాయల బండి ఆగొద్దా మరి?"

ఇట్లా సాగుతుండగా మా షెడ్డుకు ఆ కారు వచ్చింది. మేడ్చల్‌లో డ్రైవింగ్ స్కూలు నడిపే మేడం కారు. చిన్నది, పాతది. నేర్చుకునేవాళ్ల కాళ్ల దగ్గర ఒక బ్రేకు, పక్క సీట్లో మేడం కాళ్ల దగ్గర ఇంకొకటి. రెండూ ఒక కడ్డీతో కలిసి ఉంటాయి. ఏళ్లుగా రోజంతా ఇద్దరిద్దరు కలిసి తొక్కిన బ్రేకు అది. ఆ రబ్బరు గొట్టాల బాధ ఎవరికైనా అర్థం కావాలి.

మేడంతోపాటు కారు దిగినావిడ శామీర్‌పేట చెరువు పక్క నుంచి వచ్చింది. నలభై దాటిన మనిషి. పెళ్లయిన నాటి నుంచి చేపలు అమ్ముతోంది, మొదట నెత్తి మీద, తర్వాత మోపెడ్ మీద. వాళ్ల సంఘం తరఫున ఆమెకు చేపలమ్మే నాలుగు చక్రాల బండి ఒకటి మంజూరైంది. లైసెన్సు ఆమె పేరు మీద ఉంటేనే తాళం చేతికిస్తారు. ఒకసారి పరీక్ష తప్పింది. రెండోసారి దసరా తర్వాతి సోమవారానికి దొరికింది. మంగళవారంతో ఆమె లెర్నింగు కాగితం గడువు అయిపోతుంది. అది దాటితే మళ్లీ మొదటి నుంచి మొదలు. అప్పటిదాకా బండి ఆగదు, జాబితాలో తర్వాతి పేరుకు పోతుంది. తర్వాతి పేరు ఆమె తోటికోడలిది.

"గా బండెక్కి మా ఇంటి ముంగట్నుంచి హారన్ కొట్టుకుంట పోతది కాకా. నేను గడప మీద కూసోని సూడాల్నా?" అంది నాతో, అదే మొదటి పరిచయంలో.

వాళ్లు రావడానికి కారణం ఇది. ఆ పొద్దున శామీర్‌పేట దగ్గర ఆమె ఎంత తొక్కినా, మేడం ఎంత తొక్కినా, కారు తీరిగ్గా వెళ్లి ముందున్న ఆటోకు ఆనుకుంది. ఆటో నిండా పరుపులు ఉండబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆటో అతను వెనక్కి తిరిగి, "పండుకుంటవా అక్కా?" అని మాత్రం అడిగాడట.

"వేరే కారు తీసుకపోదామంటే ఈమె వింటలేదు అంకుల్," అంది మేడం.

"నా కాలు గీ కారుకే అలవాటైంది. ఇంకోదాన్ల కూసుంటె గేరేదో బ్రేకేదో తెల్వది నాకు," అంది చేపలామె.

నేను పాత గొట్టాలను విప్పి, వంచి, పగుళ్లు చూపించాను. షెడ్డు అతను కొత్త రబ్బరు అన్నాడు. నేను స్టీలు అన్నాను. మేడం ఇద్దరినీ చూసి, పరుపుల ఆటోను తలుచుకుని కాబోలు, స్టీలు అంది. నలభై ఏళ్లలో ఒక కస్టమరు నా పక్షం వహించడం అదే మొదలు. ఆ సంతోషంలో నేనొక పని చేశాను. అందరి ముందూ ఆ పాత గొట్టాలను కత్తితో నిలువునా కోసి, లోపల ఎట్లా చివికిందో చూపించాను. నా వాదన గెలిచింది. గొట్టాలు మాత్రం ఇక ఎందుకూ పనికిరాకుండా పోయాయి. పిల్లలూ, కొత్తది పనిచేసేదాకా పాతదాన్ని కోయకండి.

స్టీలు పైపులు పార్సిల్లో వచ్చాయి. దసరా ముందురోజు ముందు చక్రాల క్యాలిపర్లు రెండూ విప్పాను. క్యాలిపర్ అంటే బ్రేకును బిగించి పట్టే ఇనుప పిడికిలి అనుకోండి. షెడ్డు అతను వాటికి ఎర్ర రంగు కొట్టాడు. "స్టీల్ ఏస్తున్నవ్ గద, జర షోకు ఉండనీ," అన్నాడు. ఎగతాళి అని తెలిసినా ఊరుకున్నాను. నా పద్ధతి ఏమిటంటే, విప్పిన సామాను మీద గుర్తులు రాయను. ఎడమవైపుది ఎడమ గోనెసంచి మీద, కుడివైపుది కుడి గోనెసంచి మీద పెడతాను. నలభై ఏళ్లుగా ఆ సంచులు నన్ను మోసం చేయలేదు.

మర్నాడు దసరా. షెడ్డు అతని భార్య వచ్చి నేలంతా కడిగి ముగ్గు వేసింది. పానాలు, జాకీలు, సుత్తెలు తోమి పసుపు కుంకుమ పెట్టింది. గోడకు అమ్మవారి పటం. పటానికి రెండు పక్కలా, దీపపు సెమ్మెల్లాగా, మా ఎర్ర క్యాలిపర్లు రెండు, ఒక్కోదానికి బంతిపూల దండ. గోనెసంచులు ఉతికి ఆరేసింది. పూజకు పెట్టిన పనిముట్టును మర్నాడు కొబ్బరికాయ కొట్టేదాకా ముట్టుకోకూడదు. ముట్టుకోలేదు.

దసరా తెల్లారి, శుక్రవారం పొద్దున ఆమెను అడిగాను. "చెల్లె, ఎడమది, కుడిది కలవలే గద?"

"నేను కలుపుతనా అన్నా? నువ్వు ఎట్ల పెట్టినవో గట్లనే, ఎడమది ఎడమకు, కుడిది కుడికి పెట్టిన."

పని తెలిసిన మనిషి అనుకుని, పటం ముందు నిలబడి, నా ఎడమ చేతివైపుది తీసుకెళ్లి ఎడమ చక్రానికి, కుడిది కుడికి బిగించాను. స్టీలు పైపులు వేశాను. ఎర్రటి పిడికిలికి వెండిలా మెరిసే పైపు. అంత అందమైన పని నేను చేయలేదు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు.

ఇక గాలి తీయాలి. కొత్త పైపు వేస్తే లోపల గాలి ఉంటుంది. గాలి ఉంటే పెడలు మెత్తగా ఉంటుంది. ఒకరు పైన కూర్చుని తొక్కాలి, ఒకరు కింద పడుకుని క్యాలిపర్ మీద ఉండే నిప్పల్ అనే చిన్న మరను వదులు చేయాలి. దానికి తొడిగిన సన్నని గొట్టం గుండా నూనె, బుడగలు సీసాలోకి వస్తాయి. షెడ్డు అతను పైన, నేను కింద.

"తొక్కు."

"తొక్కిన."

"పట్టు."

"పట్టిన."

"ఇడువు."

రెండు బుడగలు వచ్చాయి, తర్వాత నూనే వచ్చింది. లేచి నేను కాలు పెట్టి చూశాను. నానిన అటుకుల మీద కాలేసినట్టు దిగిపోయింది పెడలు. పాత రబ్బరుతో కూడా అంత అధ్వానంగా లేదు.

శుక్రవారం అంతా తొక్కాం. శనివారం అంతా తొక్కాం. నూనె సీసాలు ఖాళీ అయ్యాయి. ప్రతి నట్టూ విప్పి బిగించాను. రాగి వాషర్లు మార్చాను. పెడలు వెనకాల ఉండే సిలిండరు చెడిందన్నాను, విప్పితే అది నాకంటే ఆరోగ్యంగా ఉంది. పంక్చరు షాపు అతను వచ్చి దిష్టి తగిలిందన్నాడు. షెడ్డు అతని భార్య స్టీలు పైపుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. నేను విప్పేశాను. ఆమె మళ్లీ కట్టింది.

షెడ్డు అతను శనివారం మధ్యాహ్నం అన్నం తింటూ అన్నాడు.

"ఉస్తాద్, స్టీల్ గిలాసల పోస్తే పాలు గట్టివడయి."

జవాబు చెబుదామంటే జవాబు చెప్పాల్సింది పెడలు. అది చెప్పడం లేదు. పాత రబ్బరు మళ్లీ వేద్దామంటే కోసి కూర్చున్నాను. కొత్త రబ్బరు తెద్దామంటే దసరా, శని, ఆదివారాలు కలిసొస్తే మన దగ్గర స్పేరు పార్టుల దుకాణం ఎవడు తెరుస్తాడు?

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మేడం, చేపలామె వచ్చారు. కారు ఇంకా జాకీల మీదే ఉంది. మేడం గడియారం చూసి, "అంకుల్, రేపు పదింటికి టెస్టు," అంది. అంకుల్ అంటే నాకు పడదు. ఆ రోజు అదీ పడింది.

చేపలామె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. చీర కొంగు నడుముకు చుట్టి, "ఏం చెయ్యాల్నో చెప్పు కాకా," అంది. షెడ్డు అతనికి అప్పటికే పిక్కలు పట్టేశాయి. ఆమె ఎక్కి కూర్చుంది. తొక్కు, పట్టు, ఇడువు. గంటసేపు. ఒక్కసారి కూడా నేను చెప్పకముందే కాలు తీయలేదు. ఆ గంటలో నాకు షెడ్డు అతని కంటే మంచి తోడు దొరికింది, ఫలితం మాత్రం అదే.

మధ్యలో ఆమె దిగి నా పక్కన గొంతుక్కూర్చుని సీసా వైపు చూడడం మొదలుపెట్టింది.

"ఏం సూస్తున్నవ్?"

"బుడగలు. వస్తలేవు గద."

"వస్తలేవంటె గాలి లేనట్టు."

"గాలి లేకుంటె పెడల్ గట్లెందుకు మెత్తగుంది?"

మూడు రోజుల నుంచి నన్ను నేను అడగకుండా తప్పించుకు తిరుగుతున్న ప్రశ్న అది. "నీకు చెప్తె అర్థం గాదు," అన్నాను. తెలియనివాడు ఎప్పుడూ అనే మాట అదే.

ఆమె పట్టించుకోలేదు. "మేము చేపపిల్లల్ని ప్లాస్టిక్ సంచుల తెస్తం కాకా. జరన్ని నీళ్లు వోసి, గాలి నింపి మూతి కడతరు. సంచి నిలవెడితె గాలి మూతి కాడ కూసుంటది. తలకిందులు జేస్తె అడుక్కు ఎక్కుతది. గప్పుడు మూతి ఇప్పినవనుకో, నీళ్లే పడతయ్. గాలి మీదనే ఉంటది, రాదు."

"అయితే?"

"నీ మూతి కిందికున్నది."

నాకు కోపం వచ్చింది. నలభై ఏళ్లు అన్నాను. మాన్యువల్ అన్నాను. నువ్వు చేపలు అమ్ముకో, నేను బ్రేకులు చూసుకుంటాను అన్నాను. అంటూనే తల వంచి చూశాను. నిప్పల్ నేలను చూస్తోంది. అవతలి చక్రం దగ్గరికి పాకాను. అక్కడా నేలనే చూస్తోంది. నిప్పల్ అనేది క్యాలిపర్‌కు పైభాగంలో ఉండాలి, పైకి చేరిన గాలి బయటికి పోవడానికి. అది కిందికి ఉందంటే ఎడమది కుడికి, కుడిది ఎడమకు బిగించామని అర్థం. పని నేర్చుకున్న మొదటి నెలలో ఎవరైనా చేసే తప్పు. నేను ఆ నెలలో చేయలేదు, దాచిపెట్టుకుని అరవై ఆరో ఏట చేశాను.

"గదే సూద్దామనుకుంటున్న," అన్నాను.

మేడం అటు తిరిగి ఫోను చూసుకుంది.

రెండూ విప్పి అటుదిటు, ఇటుదటు మార్చేసరికి గంట పట్టింది. చేపలామె ఎక్కి తొక్కింది. నిప్పల్ వదులు చేయగానే సీసాలో సోడా కొట్టినట్టు బుడగలు పొంగాయి. నాలుగైదు మార్లు తొక్కేసరికి ఆగిపోయాయి. పెడలు మీద కాలు పెట్టి ఆమె, "కాకా, ఇది దిగుతలేదు," అంది భయంగా. దిగదు. అదే బ్రేకు అంటే.

అప్పుడు మొదలైంది విచారణ. షెడ్డు అతని భార్యను పిలిపించాను.

"ఎడమది ఎడమకే పెట్టిన అంటివి గద చెల్లె?"

"ఎడమకే పెట్టిన."

"పటం ముంగట నిలవడి సూస్తె నా ఎడమకు కుడిది ఉండె."

"నీకు సూస్తె ఎట్లుంటదో నాకేం ఎరుక అన్నా? పూజ అమ్మవారికి. అమ్మవారి ఎడమకు ఎడమది పెట్టిన, కుడికి కుడిది పెట్టిన. అమ్మ మనదిక్కు మొకం పెట్టి కూసుంటది గద."

ఇందులో ఆమె తప్పు ఎక్కడుందో నేను ఈనాటికీ వెతుకుతున్నాను. కారుకు కూడా ఎడమ అంటే డ్రైవరు సీట్లో కూర్చున్న మనిషి ఎడమే. ముందు నిలబడి చూసేవాడిది కాదు. ఆమె అమ్మవారిని ఆ లెక్కనే చూసింది. నేనే ఎదురుగా నిలబడి చూశాను.

"గది మొదటి ముప్పై పేజీలల్ల రాసి ఉండొచ్చు ఉస్తాద్," అన్నాడు షెడ్డు అతను.

నవ్వినవాళ్లందరినీ నవ్వనిచ్చాను. ఇంకో పరేషాన్ ముందుంది. మధ్యాహ్నం శామీర్‌పేట అవతల ఖాళీ ప్లాట్లలోకి కారు తీసుకెళ్లాం. ఆమె కాలు మెత్తటి పెడలుకు అలవాటైన కాలు. దాన్ని నేల దాకా తొక్కడమే ఆమెకు తెలిసిన బ్రేకు. మొదటిసారి తొక్కగానే కారు అక్కడికక్కడ నిలబడింది. వెనక సీట్లో ఉన్న నేను ముందు సీట్లోకి సగం వచ్చాను.

"బెదురకు. ఇగ బలం వద్దు. ఏలు పెట్టినట్టు పెట్టు," అన్నాను.

"ఏలు ఎట్ల పెడతరు కాకా కాలితోని?"

"చేప బతికుందో లేదో ఒత్తి సూస్తవ్ గద? గట్ల."

ఆ మాట పనిచేసింది. పొద్దు వాలేసరికి పదిసార్లలో ఏడుసార్లు మెత్తగా ఆపింది. మిగిలిన మూడుసార్లు మేడం రెండు చేతులూ డ్యాష్‌బోర్డుకు ఆనించి కూర్చుంది.

సోమవారం మేమంతా మేడ్చల్‌లో పరీక్ష పెట్టే చోటికి పోయాం. షెడ్డు అతను కూడా షట్టరు దించి వచ్చాడు. స్టీలు ఓడితే చూడాలని వచ్చాడో, ఆమె గెలిస్తే చూడాలని వచ్చాడో అతనికే తెలియాలి. తడికె ఇవతల నిలబడి చూశాం. పరీక్ష చేసే సారు ఆమె పక్కన ఎక్కాడు. అంకె ఎనిమిది తిప్పింది, గీత తగలలేదు. వెనక్కి నడిపింది, కిందటిసారి తప్పింది అక్కడే, ఈసారి కారు పోవాల్సినట్టే వెనక్కి పోయింది. మెట్ట మీద ఆపి మళ్లీ లాగింది. మేడం కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టింది. చివరికి తడికె దగ్గరికి వస్తుండగా సారు "ఆపు" అన్నాడు. కొంచెం గట్టిగా అన్నాడు. ఆమె బెదిరింది. పాత కాలు దిగింది.

కారు మేకు కొట్టినట్టు నిలబడింది. సారు చేతిలోని అట్ట అద్దానికి తగిలి ఒళ్లో పడింది. కళ్లద్దాలు ఒక చెవికి వేలాడాయి. తర్వాత ఆయన దిగాడు. నుదురు రుద్దుకుంటూ, ఒక చేత్తో కాగితం, ఇంకో చేత్తో పెన్ను పట్టుకుని కారు చుట్టూ ఒక తిరుగు తిరిగి, వంగి చక్రం లోపలికి చూశాడు.

"గీ బ్రేకు ఎవలు ఏసిండ్రు?"

చేపలామె వేలు నా వైపు చూపింది.

"నడుపుడైతే మంచిగనే నడిపింది," అన్నాడు ఆయన నాతో. "గీ బ్రేకేంది పెద్దమనిషీ? ఏం ఏసినవ్ దీనికి?"

"స్టీల్ పైపులు సార్."

"ఎందుకు? రబ్బర్‌కు ఏమొచ్చింది? కంపెనోడు పిచ్చోడై ఏసిండా?"

నలభై ఏళ్లుగా ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు తయారుగా ఉంది. కప్ప గొంతు దగ్గర మొదలుపెట్టి చెబితే పావుగంట పడుతుంది. మాన్యువల్లో పేజీ నెంబరుతో సహా చెప్పగలను. ఇంతవరకు ఒక సర్కారు మనిషి నన్ను నిలబెట్టి అడగలేదు, ఈయన అడిగాడు. నేను నోరు తెరిచాను. అప్పుడు చూశాను, పెన్ను కాగితం మీద జానెడు ఎత్తున ఆగి ఉంది. సంతకం ఇంకా పడలేదు. చేపలామె కారులోంచి నన్నే చూస్తోంది. ఆమె బతిమాలడం లేదు. చేతిలోంచి జారుతున్న చేపను చూసినట్టు చూస్తోంది.

"తప్పయింది సార్," అన్నాను. "రబ్బరే మంచిది."

"జర గట్టిగ చెప్పు, ఇనవడలే," అన్నారు ఎవరో. సారు కాదు, నా వెనకున్న షెడ్డు అతను.

"రబ్బరే మంచిది," అన్నాను గట్టిగా. మేడ్చల్ అంతా వినబడేట్టు అన్నాను.

ఆయన తల ఊపి, కళ్లద్దాలు సరిచేసుకుని, కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆ మాటను షెడ్డు అతను గుండ్లపోచంపల్లి నుంచి దుండిగల్ దాకా ప్రతి టీ కొట్టులో చెప్పాడు. చెప్పుకోనీ. మేడం కారులో ఆ స్టీలు పైపులు ఇప్పటికీ అట్లాగే ఉన్నాయి. రబ్బరు మంచిది అన్నాను గానీ, మారుస్తానని నేను సారుకు మాటేమీ ఇవ్వలేదు.